కవాకామిలోని ఆ పెద్దాయనకు కృతజ్ఞతలు

జపాన్‌లోని నగానో ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం), సముద్రమట్టానికి 1,100 మీటర్లకు పైగా ఎత్తున, చికుమా నది పుట్టే చోట ఉన్న కవాకామి గ్రామానికి పని నేర్చుకోవడానికి వెళ్లిన వ్యవసాయ విద్యార్థులం మేము. అక్కడ పక్క పొలం రైతు ఒకాయన చేసిన సాయానికి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఆ ఊరి ప్రధాన పంట లెట్యూస్, అంటే సలాడ్లలో పచ్చిగా తినే, క్యాబేజీలా గుండ్రంగా ముడుచుకునే ఆకుకూర. ఎండ తగిలితే ఆకు వడలిపోతుంది కనుక వేసవిలో తెల్లవారకముందే, తలకు లైట్లు కట్టుకుని కోతకు దిగుతారు. మా చేతుల్లో కత్తి సరిగా ఆడడం లేదని గమనించిన ఆయన తన పని ఆపుకుని గట్టు దాటి వచ్చి, లెట్యూస్ ఆకుల గుత్తిని ఒక పక్కకు వంచి మొదలు దగ్గర ఒక్క కోతతో ఎలా తెంపాలో, కోసిన చోట ఊరే తెల్లటి పాలను వెంటనే నీటితో ఎలా కడగాలో చేసి చూపించారు. కడగకపోతే ఆ చోటు ఎర్రబడి సరుకు చూడడానికి బాగుండదు. మాకిచ్చిన శిక్షణ పత్రాల్లో ఈ సంగతి లేదు. ఉండవలసిందని మా అభిప్రాయం.

అక్కడి కోఉమి లైన్ అనే రైలు మార్గంలో రైళ్లు తరచుగా ఉండవు కనుక, మాకు భాష రాదని గ్రహించి, అట్టపెట్టె మూత మీద రైలు వేళలు అంకెల్లో రాసిచ్చినదీ ఆయనే. పేరు అడిగితే నవ్వి ఊరుకున్న ఆ పెద్దాయనకు మా బృందం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేసుకుంటున్నాము.