పండుగాడి జ్వరం, మందు లెక్క

తెనాలి

చిరంజీవి రవికి,

నాన్న ఆశీస్సులు. పండుగాడికి పొద్దుట్నుంచి ఒళ్లు కాలిపోతోందని, కోడలు పిల్ల ట్రైనింగ్ ముగించుకుని ఢిల్లీ నుంచి వచ్చేసరికి శుక్రవారం అవుతుందని మీ అమ్మ చెప్పింది. ఫోన్లో చెబితే సగం మాట వాడి ఏడుపులో కొట్టుకుపోతుంది. అందుకే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపిస్తున్నాను. రాత్రికి దగ్గర పెట్టుకో. ఆసుపత్రి మందుల గదిలో పనిచేసిన చెయ్యి కదా, మందు సంగతి కాస్త ఎక్కువే రాస్తాను, విసుక్కోకు.

ముందు జ్వరం సరిగ్గా చూడు. నుదుటి మీద చెయ్యి పెట్టి "నూట రెండు ఉంటుంది" అనడం లెక్కలోకి రాదు. నుదుటికి గురిపెట్టే గన్ను కూడా ఫ్యాను గాలికో వాడి చెమటకో ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ చూపిస్తుంది. మామూలు డిజిటల్ థర్మామీటరు చాలు. చంకలో చెమట తుడిచి, దాని మొన చంక నడిమధ్యకి వెళ్లేలా పెట్టి, చెయ్యి ఒంటికి ఆనించి బీప్ మోగేదాకా పట్టుకో. చొక్కా గుడ్డ మధ్యలో ఇరుక్కుంటే తక్కువ చూపిస్తుంది. స్నానం చేయించిన వెంటనే చూడకు, ఒక 20 నిమిషాలు ఆగు. చంకలో 99.5 దాటితే జ్వరమే. కానీ 100 ఉండి వాడు కార్లు తోసుకుంటూ ఆడుకుంటున్నాడంటే మందు అక్కర్లేదు. 101 దాటి, చిరాకు పడుతూ మీద పడి ఏడుస్తుంటే అప్పుడు వెయ్యి.

ఇక మందు. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. పేరు క్రోసిన్ అయినా కాల్పాల్ అయినా లోపలున్నది అదే. పిల్లలకి డోసు వయసును బట్టి కాదు, బరువును బట్టి: కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పోయిన నెల తూయించినప్పుడు పండుగాడు 12 కిలోలన్నావు. అంటే ఒక్కసారికి 120 నుంచి 180 మిల్లీగ్రాములు. ఇంతవరకూ తేలికే. తప్పు జరిగేది దీని తర్వాతే.

షాపులో పారాసిటమాల్ పిల్లల మందు మూడు రకాల సీసాల్లో దొరుకుతుంది. ఒకటి 5 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములున్న సిరప్, కొన్ని కంపెనీలది 125 ఉంటుంది. రెండోది 5 మిల్లీలీటర్లకి 250 ఉన్నది, సీసా మీద డీఎస్ అనో 250 అనో ఉంటుంది. మూడోది డ్రాప్స్, బుడ్డి సీసా. అది చూడ్డానికి చిన్నదే గానీ అన్నిటికంటే చిక్కనిది అదే: ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు. 180 మిల్లీగ్రాములు పడాలంటే మొదటి సీసాలో 7.5 మి.లీ., రెండో దాంట్లో 3.6 మి.లీ., డ్రాప్స్ అయితే 1.8 మి.లీ.

ఇప్పుడు అర్ధరాత్రి నిద్రమత్తులో "ఏడున్నర" అన్న మాటొక్కటే గుర్తుండి డ్రాప్స్ సీసాలోంచి ఏడున్నర పోశావనుకో, 750 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టే. రోజు మొత్తానికి వాడికి గరిష్ఠం 720. అంటే రోజంతటి మందు ఒక్క గుక్కలో. దెబ్బ తినేది లివరు, అదీ మొదటి రోజు బయటికేమీ కనిపించదు. పొరపాటున అలా పోస్తే వాంతి చేయించాలని చూడకుండా సీసా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఉల్టా తప్పు కూడా జరుగుతుంది. 250 సీసాకి చెప్పిన 3.6ని 120 సీసాలోంచి ఇస్తే వాడికి అందేది 86 మిల్లీగ్రాములు. జ్వరం దిగదు. "ఈ మందు పనిచెయ్యట్లేదు, ఇంకోటి ఇవ్వండి" అని షాపుకి పరిగెత్తేవాళ్లలో చాలామంది సంగతి ఇదే.

వంటింటి చెంచాతో కొలవొద్దు. ఒక ఇంట్లోనే ఒక చెంచాకి మూడు మిల్లీలీటర్లు పడితే ఇంకోదానికి ఏడు పడుతుంది. సూది లేని సిరంజి, 5 మి.లీ.ది, ఏ మందుల షాపులోనైనా ఇస్తారు. సీసాని బాగా కుదుపు. సిరప్ సస్పెన్షన్ కాబట్టి మందు అడుక్కి దిగి ఉంటుంది. కుదపకపోతే పైన తీపి నీళ్లు, ఆఖర్న చిక్కటి మందు వస్తాయి. వాణ్ణి ఒళ్లో సగం కూర్చోబెట్టుకుని, సిరంజి మొన బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి కొంచెం కొంచెంగా నొక్కు. ముక్కు మూసి గొంతులో పొయ్యడం మన ఇళ్లల్లో అలవాటే గానీ, మందు ఊపిరితిత్తుల్లోకి పోయేది అలాగే. పాలసీసాలో కూడా కలపకు. సగం తాగి వదిలేస్తే ఎంత మందు పోయిందో నీకూ తెలీదు, దేవుడికీ తెలీదు.

తాగిన పావుగంట లోపే మొత్తం కక్కేస్తే అదే డోసు మళ్లీ ఇవ్వొచ్చు. అరగంట దాటాక కక్కితే ఇవ్వకు, చాలామటుకు లోపలికి పోయి ఉంటుంది. ఏదీ నిలవట్లేదంటే మలద్వారంలో పెట్టే మాత్ర ఉంటుంది, 170 మిల్లీగ్రాములది వాడి బరువుకి సరిపోతుంది. అది కూడా పారాసిటమాలే. అది పెట్టాక మళ్లీ సిరప్ పొయ్యకు.

ఆరు గంటలకొకసారి ఇవ్వు. జ్వరం తొందరగా తిరగబెడితే నాలుగు గంటల తర్వాత ఇవ్వొచ్చు, అంతకు ముందు మాత్రం వద్దు. రోజు మొత్తంలో నాలుగు సార్లే. మందు పడ్డాక గంటకి చూడు. 103.4 ఉన్నది 101.2కి దిగితే పనిచేసినట్టే. 98.6కి రావాలని ఎదురుచూస్తే మందు మీద మందు పోస్తావు. నిద్రపోతుంటే మందు కోసం లేపకు. జ్వరం తలకెక్కుతుందని మీ అమ్మ కంగారు పెడుతుంది గానీ, మామూలు ఇన్ఫెక్షన్ జ్వరం 104 అయినంత మాత్రాన మెదడు దెబ్బతినదు.

షాపులో "జ్వరానికి ఏదైనా మంచిది ఇవ్వండి" అన్నావంటే మెఫెనమిక్ యాసిడ్ ఉన్నదో, ఐబుప్రొఫెన్ కలిసినదో చేతిలో పెడతారు. జ్వరం చప్పున దిగే మాట నిజమే. కానీ మీ బెంగళూరులో వానలు పడుతున్నాయి, డెంగీ కాదని తేలేదాకా ఆ రెండూ వద్దు, రక్తస్రావం ముప్పు పెంచుతాయి. నిమెసులైడ్ 12 ఏళ్ల లోపు పిల్లలకి 2011లోనే నిషేధించారు. యాస్పిరిన్ అసలు వద్దు. జలుబు సిరప్ కూడా ముట్టుకోకు. వాటిలో కొన్నిటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది, నీకు తెలీకుండానే డోసు రెండింతలవుతుంది. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో విషం కలిసిన దగ్గు సిరప్ తాగి పిల్లలు పోయాక, రెండేళ్ల లోపు వాళ్లకి దగ్గు జలుబు మందులు రాయొద్దని, ఐదేళ్ల లోపు వాళ్లకి మామూలుగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది. ఫ్రిజ్‌లో పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ ఉంటే వాడకు, సింకులోనూ పొయ్యకు, సీసాతో సహా పాత మందులతో పాటు పారెయ్. నీళ్లు కలిపిన పొడి మందు వారం రోజుల ముచ్చటే.

రాత్రికి ఒక కాగితం, పెన్ను మంచం పక్కన పెట్టుకో. టైము, జ్వరం, ఇచ్చిన మందు, ఉచ్చ, ఈ నాలుగే రాయి. ఇలా:

9.10, 103.2, 120 సీసా 7.5 మి.లీ. ఉచ్చ 8.40కి.
10.15, 101. చారన్నం నాలుగు ముద్దలు.
2.30, ఒళ్లు వెచ్చగా ఉంది, నిద్రలో ఉన్నాడు, లేపలేదు.
4.00, 102.8, 120 సీసా 7.5 మి.లీ. ఉచ్చ పోశాడు, పసుపు రంగు.

సీసా పేరు కాకుండా దాని మీది అంకె రాయడం మరిచిపోకు. పొద్దున డాక్టరు అడిగేవన్నీ ఈ నాలుగు లైన్లలోనే ఉంటాయి.

ఇప్పుడు ఒక ముఖ్యమైన సంగతి, చేతులు కాళ్లు చల్లబడటం. జ్వరం ఎక్కేటప్పుడు పొట్ట, వీపు కాలుతుంటాయి, అరచేతులు అరికాళ్లు ఐసు ముక్కల్లా ఉంటాయి, వణుకుతాడు. ఒళ్లు వేడిని లోపల దాచుకునే పని అది. అప్పుడు పల్చటి దుప్పటి ఒకటి కప్పు. చేతులు వెచ్చబడగానే తీసెయ్. స్వెట్టరు, సాక్సు వేసి రగ్గు కప్పావంటే వేడి బయటికి పోయే దారుండదు. ఒంటి మీద పల్చటి బనీను, ఫ్యాను నెమ్మదిగా, అంతే. తడిగుడ్డతో తుడవడం మందు వేసిన అరగంట తర్వాత మాత్రమే, అదీ గోరువెచ్చటి నీళ్లతో, వాడికి హాయిగా ఉంటేనే. చన్నీళ్లు, ఐసు పెడితే వణుకు పుడుతుంది, వణుకుతో వేడి ఇంకా పెరుగుతుంది. స్పిరిట్ వద్దేవద్దు.

అదే చేతులు కాళ్లు జ్వరం దిగిపోయాక, థర్మామీటరు 98 చూపిస్తుండగా చల్లబడితే అది వేరే కథ. డెంగీలో ప్రమాదమంతా జ్వరం తగ్గాకే మొదలవుతుంది, మామూలుగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో. రక్తంలోని నీరు నాళాల్లోంచి బయటికి కారిపోతుంది. ఇంట్లోవాళ్లు జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకునేది సరిగ్గా అప్పుడే. జ్వరం దిగాక పిల్లాడు లేచి తిరగాలి, తిండి అడగాలి. అలా కాకుండా మగతగా పడి ఉన్నా, పొట్ట నొప్పని ముడుచుకుపోయినా, ఆగకుండా కక్కుతున్నా, చిగుళ్లలోంచో ముక్కులోంచో రక్తం వచ్చినా, ఉచ్చ తగ్గినా, తెల్లారేదాకా ఆగకు. బొప్పాయి ఆకు రసం పొయ్యమని ఎవరో ఒకరు చెబుతారు. అసలే కక్కుతున్న పిల్లాడి గొంతులో ఆ చేదు పోసి ఉన్న నీళ్లు కూడా బయటికి రప్పించడం తప్ప ఒరిగేదేమీ లేదు.

జ్వరం వచ్చిన రోజు ఒకటో రోజుగా లెక్కపెట్టు. హుషారుగా ఉంటే మొదటి రెండు రోజులు రక్త పరీక్షల కోసం పరిగెత్తక్కర్లేదు. మూడో రోజుకీ తగ్గకపోతే డాక్టరుకి చూపించు. డెంగీ ఎన్‌ఎస్1 పరీక్ష మొదటి ఐదు రోజుల్లోనే పనికొస్తుంది. టైఫాయిడ్‌కి రాసే వైడల్ రక్త పరీక్ష మొదటి వారంలో నమ్మదగ్గది కాదు. అందులో పాజిటివ్ వచ్చిందని ఎవరైనా ఇంజెక్షన్లు మొదలుపెట్టమంటే, ముందు బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో క్రిమిని పెంచి చూసే పరీక్ష, సంగతి అడుగు.

తాగడం. లంకణం పరమౌషధం అన్న మాట పసిపిల్లల దగ్గర వాడకు. తిండి రెండు రోజులు తగ్గినా ఫరవాలేదు, నీళ్లు తగ్గకూడదు. 12 కిలోల వాడికి మామూలు రోజునే లీటరు పైన కావాలి, జ్వరంలో ఇంకో పావు లీటరు అనుకో. గ్లాసుడు ఒకేసారి పడితే కక్కుతాడు, రెండు మూడు నిమిషాలకి రెండేసి చెంచాలు పట్టు. పల్చటి మజ్జిగ, బార్లీ, కొబ్బరినీళ్లు, పాలు ఏదైనా సరే. ఇడ్లీ, పెరుగన్నం పెట్టొచ్చు. పెరుగు పెడితే జలుబు చేస్తుందన్న భయం వద్దు. ఎనిమిది గంటలుగా ఉచ్చ పోయకపోతే, ఏడ్చినా కన్నీళ్లు రాకపోతే ఒంట్లో నీళ్లు తగ్గాయని గుర్తు.

విరేచనాలు కూడా అయితే ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్టు 20.5 గ్రాములది, లీటరు నీళ్లకి. చిన్నది 200 మి.లీ.కి. పెద్ద ప్యాకెట్టు గ్లాసుడు నీళ్లలో కలిపితే ఉప్పు ఐదింతలై ప్రాణం మీదికొస్తుంది. కలిపింది 24 గంటలే. అట్టపెట్టెలో అమ్మే పళ్ల రుచి పానీయాలు ఓఆర్ఎస్ కాదు, వాటిలో చక్కెర ఎక్కువై విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాటి మీద ఓఆర్ఎస్ అన్న పేరు తీసెయ్యమంది. ప్యాకెట్టు మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొను.

ఫిట్స్ గురించి కూడా చెప్పాలి, భయపడకు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి జ్వరంలో ఫిట్స్ వస్తాయి. వస్తే నేల మీద పక్కకి తిప్పి పడుకోబెట్టి గడియారం చూడు. నోట్లో చెంచా పెట్టకు, నీళ్లు పొయ్యకు. చేతిలో తాళంచెవులు, ముక్కు దగ్గర ఉల్లిపాయ, ఒంటి మీద వాతలు, ఇవేవీ దాన్ని ఆపలేవు. చాలామటుకు ఐదు నిమిషాల్లోపే ఆగిపోతుంది. ఐదు దాటితే 108కి చెయ్యి, అక్కడా అదే నంబరు. ఆగినా సరే, మొదటిసారి కాబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లు.

ఊపిరి కూడా లెక్కపెట్టు. ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి పొట్ట కదలికలు నిండా ఒక నిమిషం. జ్వరంలో కాస్త పెరుగుతుంది కాబట్టి మందు వేసిన గంటకి మళ్లీ చూడు. అప్పుడూ 40, ఆ పైన ఉంటే ఆ పూటే డాక్టరు దగ్గరికి. డొక్కలు ఎగరేస్తుంటే లెక్కపెట్టడం కూడా వద్దు, బయల్దేరు. మెడ వంచలేకపోయినా, గ్లాసుతో నొక్కినా మాయం కాని ఎర్ర మచ్చలు కనిపించినా అంతే.

మీ అమ్మ రేపు పొద్దున బస్సుకి వస్తానంటోంది, టికెట్టు చూస్తున్నాను. ఈలోగా నువ్వు వాడికి ఇస్తున్న సిరప్ సీసా లేబులు వెంటనే ఫొటో తీసి పంపు. 120దా, 250దా చూస్తేగానీ నాకు నిద్ర పట్టదు.

ఆశీస్సులతో,
నాన్న