ట్విస్ట్ చెప్పేసిన పాపం

ఒరేయ్ శీనూ,

ఫోన్ ఎత్తడం లేదంటే కోపం ఇంకా తగ్గలేదన్నమాట. నోరు జారి సినిమా చివరి మలుపు చెప్పేశాను, తప్పే. కానీ "ఇంకేముంది చూడ్డానికి" అంటూ టికెట్ క్యాన్సిల్ చేశావు చూడు, దాని మీద మాత్రం నీతో గొడవపడాల్సిందే. టీ పెట్టుకుని తీరిగ్గా చదువు.

సైకలాజికల్ థ్రిల్లర్ అంటే ఆఖర్లో వచ్చే ట్విస్టే అని నీ లెక్క. సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ లెక్క వేరురా. 1958లో 'వెర్టిగో' తీశాడు కదా, దానికి మూలమైన ఫ్రెంచి నవలలో గుట్టు చివరిదాకా బయటపడదు. ఆయన మాత్రం సినిమా ఇంకా చాలా ఉండగానే హీరోయిన్ చేత ఓ ఉత్తరం రాయించి, హీరో చనిపోయిందనుకుంటున్న ప్రేయసిగా నటించింది ఆమేనని మనకు చూపించేశాడు. ఆమె ఆ ఉత్తరం చింపేస్తుంది. హీరోకి ఏమీ తెలియదు. చనిపోయిన ప్రేయసిలా కనిపించాలని ఆమె జుట్టు రంగు మార్పిస్తాడు, అవే బట్టలు కొనిపెడతాడు. నిజం తెలిసిన మనకు కుర్చీలో ముళ్లు! గుట్టు దాచి ఉంటే ఆ సీన్లు షాపింగులా ఉండేవి.

బల్ల కింద బాంబు సంగతి కూడా ఆయన చెప్పిందే. బాంబు ఉందని తెలియకుండా పేలితే ప్రేక్షకుడికి పదిహేను సెకన్ల ఉలికిపాటు. ముందే తెలిస్తే పదిహేను నిమిషాల టెన్షన్.

ఆయనదే 'సైకో' నీకు కంఠతా వచ్చు కాబట్టి భయం లేకుండా రాస్తున్నా. 1960లో హీరోయిన్ అనుకున్న మనిషిని సగం సినిమా కూడా కాకముందే చంపేయడం మామూలు తెగింపా? ఆ హత్య జరిగే ముప్పావు నిమిషం షవర్ సీనుకి వారం షూటింగ్, రక్తానికి బదులు చాక్లెట్ సిరప్. ఆ సీనుకి సంగీతమే వద్దన్నాడట హిచ్‌కాక్. సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లు వినిపించాక మనసు మార్చుకున్నాడు.

నాకు మాత్రం దాని తర్వాతి సీనే ఇష్టం. ఆమె శవం ఉన్న కారుని, హత్య జరిగిన మోటల్ నడిపే నార్మన్ ఊబిలోకి తోస్తాడు. సగం మునిగి ఆగిపోతుంది. వాడు బిక్కమొహం వేస్తాడు, మనకీ ఊపిరి ఆగుతుంది. మళ్లీ మునగ్గానే "హమ్మయ్య" అనుకుంటాం. ఎవరి కోసంరా ఆ హమ్మయ్య? ఇందాకే కదా ఆ పిల్ల కోసం విలవిల్లాడాం! మనకి తెలియకుండానే మనల్ని అటువైపు కూర్చోబెట్టేశాడు. (చివర్లో డాక్టరుగారి ఉపన్యాసం బోరని ఒప్పుకుంటా.)

ఈ విద్య ఆయనతో మొదలు కాలేదు. 1920లో జర్మనీలో 'డాక్టర్ కాలిగరీ' అనే మూకీ వచ్చింది. వంకర గోడలు, వంకర కిటికీలు, సెట్ల మీద రంగుతో గీసిన నీడలు. చివరికి చూస్తే, కథ చెబుతున్నవాడే పిచ్చాసుపత్రిలో రోగి. అయితే మనం ఇంతసేపూ చూసిన వంకర ఊరిదా, వాడి బుర్రదా? ఇదీ చెప్పేశాను. వందేళ్లు దాటిందిలే, క్షమించు. మన వర్మ 1999లో హిందీలో తీసిన 'కౌన్' కూడా ఆ బాపతే. వానరాత్రి, ఒక ఇల్లు, ముగ్గురు మనుషులు, పాటల్లేవు. హీరోయిన్ ఊర్మిళ భయం మనకి అంటుకుంటుంది. అంతే, ఇక చెప్పను.

అన్నట్టు, 'వెర్టిగో' నవల రాసిన జంట రాసిందే ఇంకో కథని ఫ్రెంచి దర్శకుడు క్లూజో 1955లో 'లే డయాబొలిక్' అని తీశాడు. అయిపోయాక తెర మీద ఓ కార్డు పడుతుంది: దయ్యాల్లా ప్రవర్తించకండి, చూసింది స్నేహితులకి చెప్పి వాళ్ల సరదా పాడుచేయకండి అని. నా కోసమే రాసినట్టుంది. ఆదివారం మా ఇంటికి రా, కలిసి చూద్దాం. ఒట్టు, నోరు మెదపను. స్నానాల తొట్టి కనిపించినప్పుడల్లా నా మొహం వైపు మాత్రం చూడకు. అది దాచలేదు.

నీ
వాగుడుకాయ