వార్షిక నివేదిక: ఉత్తర కెనడా కచేరీలు

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. పులిహోర మాత్రం ఒక్క పండక్కీ సరిపోలేదు. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చెబుతారు. మీరంతా అడుగుతున్నది మార్చిలో మన ముగ్గురు కళాకారులు కచేరీల కోసం ఎడ్మంటన్ నుంచి కెనడా ఉత్తర కొసకు వెళ్లిన సంగతి కాబట్టి, దాని గురించే రాస్తాను. తోడు వెళ్లింది నేనే.

మొదటి మజిలీ ఎల్లోనైఫ్‌కు ఎడ్మంటన్ నుంచి రోడ్డు మీద సుమారు 1,450 కిలోమీటర్లు. 2012లో డెచో వంతెన కట్టేదాకా దారిలోని మెకంజీ నదిని వేసవిలో పడవ మీద, చలికాలంలో గడ్డకట్టిన నది మీదే దాటేవారు. మంచు పట్టే రోజుల్లో, కరిగే రోజుల్లో ఆ దారి కూడా మూతపడేది. ఎల్లోనైఫ్ నుంచి ఇంకా ఉత్తరాన ఉన్న ఇనూవిక్ ఊరికి నేరుగా రోడ్డే లేదు, విమానమే గతి. గాలివాన లాంటి మంచుతో అది కాస్తా ఆగిపోయి, కచేరీ ఒక రోజు వాయిదా పడింది. మాకు ఒకటే టెన్షన్. ఊళ్లోవాళ్లు మాత్రం "రేపు వస్తాంలే" అన్నారు, వచ్చారు కూడా.

అసలు కష్టం వాయిద్యాలది. బయటి చలిలోంచి తెచ్చిన పెట్టెల్ని వెంటనే తెరిస్తే చెక్క మీద చెమ్మ పడుతుంది, గంటల తరబడి మూసే ఉంచాలి. తెరిచాక హీటర్ల పొడిగాలి పట్టుకుంది. వయొలిన్ తీగలు బిగించే బిరడాలు జారిపోయాయి. మృదంగం తోలు బిగిసి శ్రుతి పైకి పోయింది. అంచును కింది నుంచి రాయితో కొట్టి కొట్టి దించారు. కరణ, అంటే తోలు మధ్యనుండే నల్లటి పూత, కొంచెం రాలింది.

కచేరీ అయ్యాక అక్కడి ఆదివాసులైన గ్విచిన్ జాతి పెద్దాయన ఒకరు తన ఫిడేలు తీశారు. 19వ శతాబ్దంలో వాళ్ల పూర్వీకులు హడ్సన్స్ బే కంపెనీ వర్తకుల దగ్గర నేర్చుకున్న వాయిద్యం అది. మనవాళ్లలో ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ కూడా దాదాపు ఆ కాలంలోనే తెల్లవాళ్ల దగ్గర నేర్చుకున్నారు. ఆ గ్విచిన్ పెద్దాయన నిలబడి, కాలితో తాళం వేస్తూ వాయించారు. మన వయొలిన్ అమ్మాయి కింద కూర్చుని అందుకోబోయి, రెండుసార్లు తాళం తప్పి నవ్వేసింది. మేం చేసిన కచేరీ కన్నా నాకు ఆ అరగంటే నచ్చింది.

వచ్చే ఉగాదికి ఆయన్ని పిలవాలని నా ప్రతిపాదన. టికెట్ ఖర్చు చూసి కోశాధికారి గారు ఇంకా ఒప్పుకోలేదు. సర్వసభ్య సమావేశంలో తేల్చుకుందాం.

మృదంగానికి కొత్త తోలు మూత వేయించాలి. ఈ వేసవిలో చెన్నై వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే నాకు చెప్పండి.

ఇట్లు,
కార్యదర్శి