పరిశోధనకు వెన్నుదన్నుగా నిలిచే సిబ్బందికి సన్మానం: జమా ఖర్చుల వివరణ

దాతలకు, విశ్వవిద్యాలయ మిత్రులకు సన్మాన సంఘం నమస్కారాలు.

ఫిబ్రవరి 28న విశాఖపట్నంలో జరిగిన సన్మాన సభకు ఎంత సొమ్ము వచ్చింది, ఎక్కడెక్కడ ఖర్చయింది, ఎంత మిగిలింది అన్నది మీ ముందు పెడుతున్నాం. ముందు లెక్క చెప్పి, వివరించవలసిన పద్దుల గురించి తర్వాత మాట్లాడతాం.

జమ:
గత ఏడాది నిల్వ: రూ. 11,340
పూర్వ విద్యార్థులు, 62 మంది: రూ. 87,500
ప్రస్తుత, విశ్రాంత ఆచార్యులు, 19 మంది: రూ. 48,000
పరిశోధక విద్యార్థుల చందా పెట్టె: రూ. 9,260
బ్యాంకు వడ్డీ: రూ. 412
మొత్తం జమ: రూ. 1,56,512

ఖర్చు:
అయిదుగురికి నగదు, ఒక్కొక్కరికి రూ. 15,000 చొప్పున: రూ. 75,000
పొందూరు ఖద్దరు పంచెలు, చీర: రూ. 9,250
ఏటికొప్పాక లక్క బొమ్మలు: రూ. 3,200
అభినందన పత్రాలు, ఫ్రేములు: రూ. 3,750
హాలు, మైకు, కుర్చీలు: రూ. 12,000
భోజనాలు, 140 మందికి: రూ. 18,200
ఫ్లెక్సీ: రూ. 2,400
అతిశీతల రక్షణ చేతి తొడుగులు, ముఖ కవచాలు, రెండేసి: రూ. 13,500
రవాణా: రూ. 1,800
బ్యాంకు రుసుము: రూ. 118
మొత్తం ఖర్చు: రూ. 1,39,218

నిల్వ రూ. 17,294. ఇందులో రూ. 15,800 బ్యాంకులో, రూ. 1,494 కోశాధికారి చేతిలో ఉన్నాయి.

బ్యాంకు పుస్తకం చూసినవారికి పై లెక్కలో లేని రూ. 25,000 కనిపిస్తుంది. పరికరాలు సరఫరా చేసే ఒక వ్యాపారి పంపిన సొమ్ము అది. నాలుగో రోజున తిరిగి పంపేశాం. ఆయన మంచి మనసుతోనే పంపారు, అందులో మాకు అనుమానం లేదు. కానీ ఏ పంపు మన్నుతుంది, ఎవరి విడిభాగాలు నాసిరకం అని విభాగాలు సలహా అడిగేది మనం సన్మానించే ఈ సిబ్బందినే. ఆ వ్యాపారి సొమ్ము వారి చేతికి బహుమతిగా చేరితే, రేపు వారు చెప్పే మాటకు విలువ తగ్గుతుంది. ఇకముందు కూడా సరఫరాదారుల నుంచి చందా తీసుకోకూడదని తీర్మానించాం.

నగదు ఎందుకు, శాలువా చాలదా అని ఇద్దరు దాతలు అడిగారు. గత ఏడాది తలా అయిదు వేలే ఇచ్చి, వేదిక అలంకరణకు అంతకు మించి ఖర్చు చేశాం. సభ ముగిశాక పూలదండలు కుర్చీల మీదే ఉండిపోయాయి. ఆ దృశ్యం మమ్మల్ని చాలా రోజులు బాధించింది. ఈసారి పూలకు పైసా పెట్టలేదు. అయిదుగురిలో ఇద్దరు పొరుగు సేవల కింద పనిచేస్తున్నవారు. వారికి పదోన్నతి లేదు, పింఛను లేదు. నగదును వేదిక మీద కవరులో పెట్టి అందించకుండా, సభకు ముందు రోజే వారి ఖాతాల్లో వేశాం.

ఎంపిక గురించి. స్కాలర్లు, ఆచార్యులు కలిసి 41 నామినేషన్ పత్రాలు ఇచ్చారు. పదవి చూడలేదు, సర్వీసు ఎన్నేళ్లని చూడలేదు. ‘వీరు లేకపోతే మీ పనిలో ఏది ఆగిపోయేది?’ అన్న ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబులే చదివాం.

ఎక్కువ మంది పేరు రాసింది గాజు పని చేసే ఆయనది. ఒక స్కాలరు వాక్యూమ్ గొట్టాల వరుసలో ఒక కొళాయి విరిగిందని తెలిసి, మాలో ఇద్దరం ఆయన గదికి వెళ్లాం. ఆయన డిడీమియం కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నారు. గాజు కాలేటప్పుడు అందులోని సోడియం వల్ల పసుపు వెలుగు కళ్లను కమ్మేస్తుంది. ఆ అద్దాలు దాన్ని ఆపితేనే గాజు ఎంత మెత్తబడిందో తెలుస్తుంది. రెండు చేతులతో రెండు ముక్కలను ఒకే వేగంతో తిప్పుతూ, పెదవుల మధ్య రబ్బరు గొట్టంతో మెల్లగా ఊదుతూ అతికించారు. పని అయిపోయిందనుకున్నాం. ‘ఇప్పుడే కాదు’ అని దాన్ని కొలిమిలో పెట్టారు. బోరోసిలికేట్ గాజును సుమారు 560 డిగ్రీల వద్ద ఉంచి నెమ్మదిగా చల్లార్చకపోతే, లోపల మిగిలిన ఒత్తిడి వల్ల నాలుగు రోజులకు ఎవరూ ముట్టుకోకుండానే పగులుతుందట. మర్నాడు ఆ స్కాలరు పని మొదలైంది. ఈ విద్య నేర్చుకోవడానికి ఆయన దగ్గర ప్రస్తుతం ఎవరూ లేరు. ఇది మాకు దిగులు కలిగించే విషయం.

పదార్థంలో ఏ రసాయన సమూహాలున్నాయో గ్రాఫుగా చూపే ఇన్‌ఫ్రారెడ్ వర్ణపటమాపకం నడిపే సోదరి గురించి పదకొండు పత్రాలు వచ్చాయి. సముద్రం పక్కన ఉన్న ఊరు మనది. గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. నమూనాను కలిపి బిళ్లగా నొక్కే పొటాషియం బ్రోమైడు ఆ తేమను ఇట్టే పీల్చుకుంటుంది. బిళ్ల మసకబారుతుంది, ఆ నీటి వల్ల గ్రాఫులో 3400 తరంగసంఖ్య దగ్గర వెడల్పాటి పట్టీ కనిపిస్తుంది. కొత్త స్కాలర్లు దాన్ని చూసి తమ పదార్థంలో హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్) సమూహం ఉందని సంబరపడతారు. ఆమె వారిని కూర్చోబెట్టి, పొడిని ఓవెన్‌లో ఆరబెట్టి, మళ్లీ బిళ్ల నొక్కించి, ఉత్త బ్రోమైడు బిళ్ల గ్రాఫును పక్కన పెట్టి చూపిస్తారు. రోజూ ఉదయం గదిలోని తేమ శాతం రాసే ఆమె రిజిస్టరు మేం చూశాం. వస్తువులను పొడిగా ఉంచే డెసికేటర్ పాత్రలోని సిలికా తేమ పట్టి గులాబీ రంగుకు తిరిగిన ప్రతి తేదీ అందులో ఉంది. తప్పుడు ఫలితాలు అచ్చుకెక్కకుండా ఆపిన ఈ శ్రమ ఏ పరిశోధన పత్రంలోనూ కనిపించదు.

మూడో వ్యక్తి ద్రవ నత్రజని ప్లాంటు నడిపేవారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను రాకముందే ఆయన డబ్బాలన్నీ నింపి, జీవకణాల నమూనాలున్న పాత్రలకు సరిపడా నత్రజని విడిగా దాచారు. మైనస్ 196 డిగ్రీల ఆ ద్రవం ఉన్నంతసేపు నమూనాలకు కరెంటుతో పనిలేదు. ఆయన వాడుతున్న తొడుగులు చిరిగి ఉన్నాయని నామినేషన్ పత్రంలోనే ఒక విద్యార్థిని రాసింది. అందుకే ఆయనకూ, సహాయకుడికీ తొడుగులు, ముఖ కవచాలు కొన్నాం. అవి కొనవలసింది సంస్థే కదా అని ఒక దాత రాశారు. నిజమే. ఆ మాట లిఖితపూర్వకంగా అడిగాం కూడా. జవాబు వచ్చేలోగా చేతులు కాలనివ్వలేక కొన్నాం.

నాలుగో వ్యక్తి, ప్రయోగాల జంతువులుండే జంతుశాల సంరక్షకుడు, పండుగ రోజుల్లో కూడా సెలవు తీసుకోరు. అయిదో వ్యక్తి, యంత్రశాలలో లేత్ మీద పనిచేసిన ఫిట్టరు, ఈ ఏడాదే పదవీ విరమణ చేశారు. రవాణా పద్దు ఆయనను అనకాపల్లి నుంచి కుటుంబంతో సహా తీసుకువచ్చిన కారుది.

తేదీ గురించి కూడా అడిగారు. 1928లో రామన్ ఫలితం వెలుగు చూసిన రోజు ఫిబ్రవరి 28. రామన్ బాల్యం గడిచింది, బడి చదువు సాగింది ఈ ఊళ్లోనే. తండ్రి ఇక్కడి ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. కలకత్తా ప్రయోగశాలలో రామన్‌కు ఏళ్ల తరబడి చేదోడుగా ఉన్న సహాయకుడు ఆశుతోష్ డే, అందరి నోట ఆశు బాబు. ఆ పేరు సభలో తలుచుకోవాలనే ఆ రోజు ఎంచుకున్నాం.

భోజనాల అంచనా తప్పింది. 140 మందికి చెప్పాం, 96 మందే వచ్చారు. మిగిలినవి వేడిగా ఉండగానే రాత్రి కాపలా సిబ్బందికి, వసతి గృహానికి పంపించాం. అయినా సుమారు అయిదు వేల ఏడు వందల రూపాయలు అనుకున్న పనికి కాకుండా పోయాయి. వచ్చే ఏడాది పేర్లు ముందుగా నమోదు చేసుకుంటాం.

వోచర్లు, రసీదు పుస్తకం, బ్యాంకు పుస్తకం కోశాధికారి వద్ద ఉన్నాయి. దాతలు ఎవరైనా చూడవచ్చు. ఫోను ద్వారా వచ్చిన రూ. 1,100, రూ. 501 చందాలకు పేర్లు లేవు. వాటిని పూర్వ విద్యార్థుల పద్దులో కలిపాం. పంపినవారు తేదీ చెబితే రసీదు రాసి ఇస్తాం.