చలికి కూడా ఒక ప్రణాళిక వేయండి, కలెక్టర్ గారూ

గౌరవనీయులైన శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారాలు. నేను మందస మండలంలో ఏఎన్ఎంగా పనిచేసి రిటైరైనదాన్ని. ఏటా ఎండలు ముదరగానే మన అధికారులు వడగాలుల మీద సమావేశం పెడతారు. చలివేంద్రాలు తెరుస్తారు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచుతారు, ఉపాధి పనుల వేళలు మారుస్తారు. దానివల్ల ప్రాణాలు నిలుస్తున్నాయి. చలికాలం కోసం అలాంటి సమావేశం నా సర్వీసులో ఒక్కటీ చూడలేదు. ఈ ఏడాది నుంచైనా అది మొదలుపెట్టమని అడగడానికే ఈ లేఖ.

సముద్రం పక్కనున్న జిల్లాకి చలేమిటని చాలామంది అంటారు. వాతావరణ శాఖ లెక్కలో కూడా మైదానాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు పడితేనే చలిగాలుల మాట వస్తుంది. కళింగపట్నం కేంద్రంలో అంత తక్కువ నమోదు కావడం అరుదు. కానీ ఆ కేంద్రం ఉన్నది కడలి ఒడ్డున. మహేంద్రగిరి కొండ కింద సవర గిరిజనుల గూడేల్లో తెల్లవారుజామున పడే చలి వేరు, ఒడ్డున పడే చలి వేరు. ఇళ్లలో 18 డిగ్రీలకు తగ్గకుండా చూసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సమశీతోష్ణ, చలి దేశాలకే చెప్పింది. మన రేకుల ఇళ్లలో ఆ వెచ్చదనం ఎక్కడిది? రాత్రి రేకు చల్లబడితే ఇల్లంతా చల్లబడుతుంది. మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి కదా, రేపు ఏ మండలంలో చలి ఎక్కువో ముందురోజు సాయంత్రమే ఆశాలకు, హాస్టల్ వార్డెన్లకు ఫోన్‌లో మెసేజ్ పంపండి.

నేను ఎక్కువగా భయపడేది బాలింతల గదుల గురించి. చలి గాలి తగలకూడదని తలుపు మూస్తారు, కిటికీ సందుల్లో పాత చీర ముక్కలు కుక్కుతారు, మంచం కింద బొగ్గుల కుంపటి పెడతారు. పసిబిడ్డ కూడా ఆ గదిలోనే. ఒకసారి నేను వెళ్లేసరికి అలాంటి గదిలో ఒక బాలింత తల పగిలిపోతోందంటూ లేచి కూర్చోలేకపోతోంది, రెండుసార్లు వాంతి చేసుకుంది. ఇంట్లోవాళ్లు దిష్టి అనుకుని ఉప్పు తిప్పుతున్నారు. ముందు తల్లినీ బిడ్డనూ వాకిట్లోకి తెచ్చి, తలుపులు బార్లా తీయించి, కుంపటి బయట పెట్టించి, ఇద్దరినీ ఆస్పత్రికి పంపాను. బొగ్గు సరిగా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. నిద్రలో ఉన్నవాళ్లకి తెలిసేలోపు ప్రాణం మీదికి వస్తుంది.

కుంపటి పెట్టిన ఆ బాలింత అత్తగారిని నేను తప్పుపట్టను. బిడ్డను వెచ్చగా ఉంచడానికి ఆవిడకు తెలిసిన దారి అదొక్కటే. వేరే దారి మనం చూపించాలి. పుట్టిన బిడ్డకు 24 గంటలు గడిచేదాకా స్నానం వద్దని, తల్లి గుండెలకు ఆనించి ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పితే ఏ కుంపటీ అక్కర్లేదని, తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు తీయొద్దని ప్రసవమైన ఆస్పత్రిలోనే అమ్మమ్మకూ నాన్నమ్మకూ చూపించి చెప్పాలి. బిడ్డ ఒంటి వేడి 36.5 డిగ్రీలకు తగ్గితే ప్రమాదం మొదలైనట్టే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ప్రసవించే ప్రతి పేద తల్లికీ ఒక మంచి రగ్గు ఇచ్చి పంపితే జిల్లాకి అదేమంత పెద్ద ఖర్చు?

న్యుమోనియా కోసం కేంద్రం 2019లో తెచ్చిన సాన్స్ కార్యక్రమం ఏటా నవంబరు 12న మొదలవుతుంది. రెండు నెలలు నిండిన ఏడాది లోపు బిడ్డ నిమిషానికి 50 సార్లు, రెండు నెలల లోపు పసికందు 60 సార్లు, లేదా అంతకు మించి ఊపిరి తీసుకుంటున్నా, డొక్కలు ఎగరేస్తున్నా ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. ఈ సంగతి ఫ్లెక్సీ మీద రాస్తే చాలదు. లెక్కపెట్టడం తల్లి చేత చేయించి చూడాలి.

ఇక కిడ్నీ జబ్బులు పట్టి పీడిస్తున్న మన ఉద్దానం. సోంపేట, పలాస, కవిటి డయాలసిస్ కేంద్రాల్లో మొదటి షిఫ్టు వాళ్లు చీకటితోనే ఆటోల్లో బయల్దేరుతారు. రక్తం తక్కువగా ఉన్న మనుషులు, మామూలు చలికే వణికిపోతారు. ఆటోకి పక్క తెరలు ఉండవు. చలి నాలుగు నెలలూ దూరం ఊళ్ల వాళ్లకు రెండో షిఫ్టు ఇవ్వండి, వెయిటింగ్ హాల్లో వేడినీళ్లు, కప్పుకోవడానికి దుప్పట్లు పెట్టించండి.

అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకా జబ్బు రానివాళ్లకు. చలికి మోకాళ్లు పట్టేస్తాయి, నడుము లాగేస్తుంది. మెడికల్ షాపుకి వెళ్లి "నొప్పుల బిళ్ల ఇవ్వు బాబూ" అంటే డైక్లోఫెనాక్ చేతిలో పెడతారు. కూలిపని మానలేరు కాబట్టి రోజూ వేసుకుంటారు. చలికి దాహం వేయదు, నీళ్లూ తాగరు. ఆ రెండూ కలిస్తే కిడ్నీ మీద ఎంత దెబ్బో ఉద్దానానికి వేరే చెప్పాలా? చీటీ లేకుండా ఆ బిళ్లలు అమ్మకుండా డ్రగ్ ఇన్‌స్పెక్టర్ల చేత తనిఖీ చేయించండి. ఈ లేఖలో మీరు ఒక్క పనే చేయగలనంటే ముందు ఇది చేయండి.

ఆశ్రమ పాఠశాలల పిల్లల గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. ఒక హాస్టల్‌కి దుప్పట్లు సంక్రాంతి సెలవులు అయిపోయాక వచ్చాయి. తెల్లారి అయిదింటికి ట్యాంకు నీళ్లతో స్నానం చేయించడం ఏ క్రమశిక్షణ? దుప్పట్లు దీపావళికల్లా చేరాలి. వేడినీళ్లు లేనిచోట స్నానం ఎండెక్కాక చేయనివ్వాలి.

రైతుల సంగతీ ఉంది. తేమ 17 శాతానికి దిగేదాకా ధాన్యం కొనరు. అప్పటిదాకా ముసలివాళ్లు కల్లాల్లో మంచుకి తడుస్తూ కాపలా పడుకుంటారు. కొనుగోలు ఎంత త్వరగా జరిగితే అంత మందిని ఆ మంచులోంచి తప్పించినవాళ్లవుతారు.

మాఘంలో అరసవల్లి రథసప్తమికి అర్ధరాత్రి నుంచే క్యూ కడతారు. పుష్కరిణిలో మునిగి తడిబట్టలతో గంటల తరబడి నిలబడేవాళ్లలో బీపీ, గుండెజబ్బు ఉన్న పెద్దలు ఎందరో. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది, పక్షవాతం, గుండెపోటు వచ్చేది అలాంటప్పుడే. స్నానం దగ్గరే బట్టలు మార్చుకునే గదులు, క్యూలైన్లకు గాలి తగలని పరదాలు, వేడి పాలు, బీపీ చూసే నర్సులు ఉండాలి. ఇప్పుడది రాష్ట్ర పండుగ కూడా కాబట్టి నిధులకు కొదవ ఉండకూడదు.

సాన్స్ మొదలయ్యే లోపే, అక్టోబరు నెలాఖరులో, వైద్యారోగ్య, గిరిజన సంక్షేమ, పౌరసరఫరాల, దేవాదాయ శాఖల అధికారులను ఒక్కచోట కూర్చోబెట్టండి. ఆ సమావేశానికి మందస, మెళియాపుట్టి గూడేల్లో తిరిగే ఆశాలను ఇద్దరు ముగ్గురిని పిలవండి. ఏ ఇంట్లో బాలింత ఉందో, ఏ ముసలాయనకి దుప్పటి లేదో వాళ్లకి పేరుపేరునా తెలుసు.

ఇట్లు,
మందస మండలం నుంచి ఒక విశ్రాంత ఏఎన్ఎం