మీ ఆవిడ జాకెట్టు పేజీ కోర్టుకెక్కింది

చిలకలూరిపేట,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మావా,

జవాబు బాగా ఆలస్యమైంది, ఏమనుకోకు. అమ్మ బాగానే ఉంది, మోకాళ్ళ నొప్పులు మామూలే. నా బదిలీ ఇంకా తేలలేదు. పెసరట్టు మాస్టారు రిటైరయ్యారు. సన్మానానికి మనిద్దర్నీ తప్పకుండా రమ్మన్నారట, స్టూలు సంగతి ఆయనకింకా గుర్తుందట! సరే, అవన్నీ తర్వాత. మొన్న గుంటూరు కోర్టులో జరిగింది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. ఫోన్లో మొదలుపెడితే మధ్యలో గొంతు పూడుకుపోతుంది, అందుకే కాగితం తీశాను.

అక్క కారు ప్రమాదంలో పోయినందుకు వేసిన నష్టపరిహారం కేసులో బావని క్రాస్ ఎగ్జామిన్ చేశారురా.

నువ్వు దినానికి వచ్చి వెళ్ళిన సాయంత్రమే ఒక ఏజెంటు ఇంటికొచ్చాడు. ఖాళీ వకాల్తా (లాయరుకి కేసు అప్పగించే కాగితం) మీద సంతకం పెడితే అన్నీ తనే చూసుకుంటాడట, వచ్చినదాంట్లో వాటా ఇవ్వాలట. అమ్మ లోపల ఏడుస్తోంది, వాడు వరండాలో కూర్చుని శాతాలు మాట్లాడుతున్నాడు. బావ లేచి చెప్పులు చూపించాడు. బావ! నోట్లో నాలుక లేదనుకునే మనిషి. తర్వాత స్టేషన్లో ఒక కానిస్టేబులు మంచి మాట చెప్పాడు. ప్రమాదం జరిగిన ఆర్నెల్లలోపే కేసు వెయ్యాలని 2022 ఏప్రిల్ నుంచి రూలట, ఆలస్యం చెయ్యొద్దన్నాడు. వెంటనే ఒక లాయరు మేడంని పట్టుకుని మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద నష్టపరిహారం పిటిషన్ (ఎంవీఓపీ అంటారు) వేశాం. డ్రైవరు మీద క్రిమినల్ కేసు వేరు, ఇది వేరు. ఇందులో డ్రైవరు, కారు ఓనరు, ఇన్సూరెన్సు కంపెనీ ముగ్గురూ ప్రతివాదులు. మొదటి ఇద్దరూ మొహం కూడా చూపించలేదు. కంపెనీ లాయరొక్కడే వస్తాడు.

ఆయన పట్టు అంతా ఒక్క మాట మీదే. శవపంచనామాలో అక్క వృత్తి దగ్గర 'గృహిణి' అని రాశారు. ఆ రాత్రి ఆస్పత్రిలో ఎవరో అడిగారు, ఎవరో చెప్పారు, రాసేసుకున్నారు. అక్క మిషను తొక్కని రోజుందా, నువ్వే చెప్పు? బావ మిల్లు జీతం బియ్యానికీ అద్దెకీ, అక్క కుట్టు డబ్బులు పిల్లల ఫీజులకీ. కానీ షాపు లేదు, బోర్డు లేదు, ఇన్‌కంటాక్సు లేదు. ఫోన్‌పే కూడా బావ నంబరుకే. మేడం అడిగింది, "ఏదైనా కాగితం ఉందా?" అని.

అప్పుడు అక్క పెద్దకూతురు మిషను సొరుగులోంచి వాళ్ళమ్మ లాంగ్ నోట్‌బుక్కులు తెచ్చింది. ఒరేయ్, నువ్వు చూడాలి. ఒక్కో జాకెట్టుకి అర పేజీ. పొడవు, ఛాతీ, నడుము, చేతులు, మెడ లోతు. పక్కనే గుండుసూదితో గుచ్చిన చిన్న గుడ్డముక్క. కింద అడ్వాన్సు ఎంత, బాకీ ఎంత, ఎప్పటికివ్వాలి. డబ్బులు ముట్టాక ఆ లైను మీద అడ్డంగా గీత. 'దసరా లోపు, తప్పదు' అని ఒకచోట. 'ఈవిడ మళ్ళీ లూజు చెయ్యమంటుంది, కుట్టు వదులు ఉంచు' అని ఇంకోచోట. అక్క గొంతు వినిపిస్తుందిరా అందులో. రాత్రంతా కూర్చుని బావ బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూశాం. పెద్దది పుస్తకంలోంచి చదవడం, నేను స్టేట్‌మెంటులో వెతకడం. 250, 400, 180... పడుతున్నాయి మావా, ఒక్కొక్కటే పడుతున్నాయి! చిన్నోడు నిద్ర మానుకుని పక్కనే కూర్చున్నాడు. ఒక్కోటి కలిసినప్పుడల్లా వాడు... సరే వదిలెయ్.

ఇక మొన్నటి సంగతి. బావ బోనెక్కాడు. కంపెనీ లాయరు పుస్తకం తిరగేస్తూ తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగాడు. ఆ పేజీ ఎవరిదనుకున్నావు? మీ ఆవిడది! నువ్వు ఆది జాకెట్టు పేపర్లో చుట్టుకుని తెనాలి బస్సులో ఒళ్ళో దాచుకుని తెచ్చావు చూడు, అదే. చిలకపచ్చ పట్టుముక్క గుచ్చి ఉంది, రంగు ఏమాత్రం తగ్గలేదు. కింద అక్క రాసుకుంది: 'తమ్ముడి ఫ్రెండు పెళ్ళికూతురు. మగ్గం వర్కు. డబ్బులు వద్దు.'

లాయరు గట్టిగా చదివాడు. "మగ్గం వర్కు చేసి కూడా డబ్బు తీసుకోలేదు. అంటే మీ భార్య ఇరుగుపొరుగుకి సరదాగా కుట్టిపెట్టేది, అది సంపాదన కాదు అంటాను" అన్నాడు. నా గుండె జారిపోయింది. బావ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "అది పెళ్ళి సార్. మేమందరం డబ్బు కవర్లో పెట్టి చదివించాం. ఆవిడ తన పని చదివించింది. ఊరికే కుట్టేదైతే, వద్దు అని రాసుకోవాల్సిన పనేముంది?"

అంతే. జడ్జి గారు పుస్తకం తెప్పించుకుని ఆ పట్టుముక్క చూశారు. బావ చెప్పింది చెప్పినట్టు రాయించారు. మేడం బయటికొచ్చాక, నేను నేర్పినా ఈ జవాబు రాదు అంది.

ఇంకా తీర్పు రాలేదు. స్కూలు యూనిఫారాలు కుట్టించుకున్న టీచరమ్మ సాక్ష్యానికి వస్తానంది. ఆ తర్వాత వాదనలు. లెక్క ఎలా కడతారో మేడం కాగితం మీద చూపించింది. అక్క సంపాదన నెలకి 15,000 అని ఒప్పుకుంటే, సొంత పని, నలభై లోపు వయసు కాబట్టి ముందు ముందు పెరిగేదని 40 శాతం కలుపుతారు. 2017లో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అది. ఏడాదికి 2,52,000. ఆధారపడ్డవాళ్ళు నలుగురు కాబట్టి, తన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు. మిగిలినదాన్ని, అక్కకి 38 కాబట్టి, ఆ వయసుకి పెట్టిన అంకె 15తో గుణిస్తారు. 28,35,000. అదే నెలకి ఆరువేలే అంటే 11,34,000. ఆ పుస్తకం లేకపోతే ఆ పిల్లలకి ఎంత తేడా వచ్చేదో చూడు. కుట్టుపని ఒప్పుకోకపోయినా ఇంటిపనికీ విలువ కట్టాల్సిందేనని 2021లో కీర్తి కేసులో చెప్పారు, అదీ వాదిస్తానంది మేడం. 

కానీ ఆ నాలుగో వంతు దగ్గర నాకు కడుపు మండిపోయింది. అక్క తన మీద నాలుగో వంతు ఎప్పుడు ఖర్చు పెట్టుకుందిరా? ఊరందరికీ మగ్గం వర్కులు చేసింది, తను మాత్రం... లెక్క లెక్కేలే, అందరికీ అంతే తీస్తారు. అయినా ఆ మాట రాసేటప్పుడు చెయ్యి ఆడటం లేదు.

అసలు సంగతి మర్చిపోయేలా ఉన్నాను. మీ శుభలేఖా, పెళ్ళిలో చెల్లెమ్మ ఆ జాకెట్టు వేసుకున్న ఫోటో ఒకటీ కావాలి. బావ మాటకి ఆధారంగా ఉంటే మంచిదంటోంది మేడం. తలంబ్రాల ఫోటో వద్దు, అందులో నువ్వు రెండో నంబరు నవ్వు నవ్వుతుంటావు, జడ్జి గారు బెదిరిపోతారు. మోచేతి పని బాగా కనిపించేది చూడు. జాకెట్టు ఇంకా ఉంటే చెల్లెమ్మని దాచమను, అవసరమైతే

బావ వచ్చాడు, జిరాక్సు షాపు మూసేలోపు వెళ్ళాలట. ఫోటో మాత్రం ఈ వారంలోనే పంపు.

నీ
బాచిగాడు