విద్యార్థి క్లబ్బుల సమన్వయ సంఘం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కొత్త క్లబ్బు పెట్టడానికి సాయం కోరి వచ్చినవాళ్లు కొందరైతే, ఆగిపోయిన క్లబ్బును మళ్లీ నిలబెట్టమని వచ్చినవాళ్లు ఇంకొందరు. రెండో పనికే ఎక్కువ శ్రమ పట్టింది.

కొత్త క్లబ్బులు

ఇదే పని చేసే క్లబ్బు ఇప్పటికే ఉంటే అందులో ఒక విభాగంగా మొదలుపెట్టమన్నాం. లేదంటే అదే పదిమంది రెండు చోట్లా తిరిగి, ఏడాది గడిచేసరికి రెండూ బోసిపోతాయి. కొత్తది తప్పదనుకున్న చోట కాగితాలకంటే ముందు రెండు బహిరంగ సమావేశాలు పెట్టించాం. మొదటిదానికి ఏమిటో చూద్దామని వచ్చేవాళ్లే ఎక్కువ. రెండోదానికీ వచ్చినవాళ్లే లెక్క. ఆ తర్వాతే సంతకాల పత్రం, అధ్యాపక సలహాదారు అంగీకార లేఖ, నియమావళి.

నియమావళి రెండు పేజీలు దాటనక్కర్లేదు. ఉద్దేశం, సభ్యత్వం ఎవరికి, ఎన్నిక ఎప్పుడు, కోరం (తీర్మానం చెల్లడానికి సమావేశంలో ఉండాల్సిన కనీస సభ్యుల సంఖ్య) ఎంత, డబ్బు తీయడానికి సంతకాలెవరివి, క్లబ్బు మూతపడితే సామాను ఎవరికి అన్నవి ఉంటే చాలు. చాలామంది పొరబడేది కోరం దగ్గర. మొత్తం సభ్యుల్లో సగం అని రాస్తే, ఒకసారి పేరిచ్చి మళ్లీ మొహం చూపనివాళ్లూ ఆ లెక్కలోకి వస్తారు. ఇక పరీక్షల నెలలో ఒక్క తీర్మానమూ పాసవదు. గత మూడు సమావేశాల్లో ఒకదానికైనా వచ్చినవాళ్లలో మూడోవంతు అని మార్పించాం.

చేరేవాళ్లకు

ఉత్సాహం కొద్దీ ఏడెనిమిది క్లబ్బులకు పేర్లివ్వకండి, రెండు చాలు. రుసుము కట్టేముందు ఒక మామూలు సమావేశానికి వెళ్లి కూర్చోండి. కట్టాక రశీదు అడగండి. క్లబ్బులకూ ఒక మాట: పేరిచ్చినవాళ్లకు 48 గంటల్లో కబురు అందాలి. వచ్చిన తొలిరోజే హాజరు రాయడం, కుర్చీలు సర్దడం లాంటి చిన్న పనేదైనా చేతికివ్వండి. ఊరికే కూర్చుని వెళ్లినవాళ్లు తిరిగి రావడం అరుదు.

బాధ్యతల అప్పగింత

ఇంగ్లండ్‌లోని విద్యార్థుల చర్చా సంఘాలైన కేంబ్రిడ్జ్ యూనియన్ 1815లో, ఆక్స్‌ఫర్డ్ యూనియన్ 1823లో పుట్టి నేటికీ నడుస్తున్నాయి. విద్యార్థులేమో మూడు నాలుగేళ్లకే వెళ్లిపోతారు. క్లబ్బు నిలిచేదీ కూలేదీ ఈ చేతులు మారే దగ్గరే.

క్లబ్బు ఈమెయిల్‌ను పాత కార్యదర్శి సొంత ఫోన్ నంబరుతో తెరిచి ఉంటారు. కొత్తవాళ్లు లాగిన్ కాబోతే ఓటీపీ ఆ ఫోన్‌కే వెళ్తుంది. ఆ నంబరు కాస్తా మారిపోయి ఉంటే సభ్యుల జాబితా, ఫొటోలు, హాలు బుకింగు అన్నీ అందులోనే చిక్కుకుపోతాయి. బ్యాంకు ఖాతాదీ ఇదే వరస. సంతకం పెట్టే ఇద్దరూ ఒకే బ్యాచ్ అయితే ఇద్దరూ ఒకేసారి పట్టా పుచ్చుకుని వెళ్లిపోతారు. ఒకరు చివరి ఏడాదివారైతే రెండోవారు తప్పకుండా జూనియర్ అయి ఉండాలి.

అందుకే ఈసారి ఎన్నికలను విద్యా సంవత్సరం ముగియడానికి ఆరు వారాల ముందుకు జరిపించాం. ఆ ఆరు వారాలూ పాత, కొత్త కార్యవర్గాలు కలిసి పనిచేయాలి. ఒక్క కార్యక్రమమైనా కొత్తవాళ్లు నడపాలి, పాతవాళ్లు పక్కన ఉండాలి. కోశాధికారులిద్దరూ క్యాష్‌బుక్కు, ఓచర్లు పక్కపక్కన పెట్టుకుని నిల్వ సరిచూసి సంతకాలు చేయాలి. పాతవారి సంతకం లేని పుస్తకాన్ని కొత్త కోశాధికారి తీసుకోకూడదు. రేపు తేడా వస్తే అందరూ అడిగేది తననే.

వచ్చే ఏడాది నుంచి ప్రతి క్లబ్బూ అప్పగింత పత్రం నకలు ఒకటి సంఘానికి ఇవ్వాలి. నమూనా పత్రం కార్యదర్శి దగ్గర సిద్ధంగా ఉంది. ఎన్నికైన వారంలోగా వచ్చి తీసుకోండి.

ఇట్లు,
కార్యవర్గం